తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే: పసి మెదడును కట్టే ప్రోటీన్ల కథ

పోయిన వేసవిలో మా పిన్ని ఫోన్ చేసింది. రెండేళ్ల మనవరాలికి జన్యు పరీక్ష చేయించారు. ఆరు పేజీల రిపోర్టు వచ్చింది. అందులో ఇంట్లోవాళ్లకి తెలిసిన మాట ఒక్కటే, ప్రోటీన్. "పాపకి ఏదో ప్రోటీన్ సరిగ్గా తయారవట్లేదటమ్మా. పొద్దునోసారి, రాత్రోసారి పాలల్లో ప్రోటీన్ పౌడర్ కలిపి పడుతున్నాం. రోజూ గుడ్డు కూడా పెడుతున్నాం. సరిపోతుందంటావా?" అని అడిగింది. ఆ గొంతులో ఉన్న ఆశకి వెంటనే ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. రిపోర్టు ఫొటో పంపమన్నాను. అందులో ఎంఈసీపీ2 అన్న పేరు, దాని పక్కన రెట్ సిండ్రోమ్ అని ఉంది.

పిన్ని అడిగిన ప్రశ్న చాలా ఇళ్లలో నడుస్తున్నదే. మాటలు రావట్లేదని, ఫిట్స్ వస్తున్నాయని, ఆటిజం అనుమానమని వెళ్లిన పిల్లలకి డాక్టర్లు ఇప్పుడు ఎక్సోమ్ పరీక్ష రాయడం మామూలైపోయింది. ప్రోటీన్ల తయారీకి సంబంధించిన జన్యు భాగాలన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష ఇది. రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. తిండి లోపమా? మేనరికం వల్లా? ఎవరి వైపు నుంచి వచ్చింది? మందు ఉందా? ఈ ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి మొదటి ముడి నుంచి విప్పుకుంటూ వద్దాం.

కంచంలో ప్రోటీన్ వేరు, కణంలో ప్రోటీన్ వేరు

పాత నగని కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ముందు దాన్ని కరిగిస్తాడు. గొలుసు గొలుసుగా, గాజు గాజుగా మిగలవు, బంగారం మాత్రమే మిగులుతుంది. ఆ బంగారంతో మనం ఇచ్చిన డిజైన్ చూసి కొత్త నగ చేస్తాడు.

పప్పు, గుడ్డు, మాంసం, పౌడర్ ఏది తిన్నా మన పొట్ట చేసే పని దాదాపు ఇదే. అందులోని ప్రోటీన్‌ని అమైనో ఆమ్లాలుగా కరిగిస్తుంది. ఇవి ముఖ్యంగా 20 రకాలు. ఒంట్లో ప్రతి కణం ఈ 20 రకాల్నీ తనకి కావలసిన వరసలో గుచ్చి తన ప్రోటీన్లు తానే చేసుకుంటుంది. ఏ వరసలో గుచ్చాలో చెప్పే డిజైన్ పేరే జన్యువు. మనిషికి ప్రోటీన్ డిజైన్లున్న జన్యువులు దాదాపు 20 వేలు. ఎక్కువ జన్యువులకి రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి.

డిజైన్‌లో తప్పు పడితే దాన్నే మ్యుటేషన్ అంటాం. అప్పుడు ఎంత బంగారం తెచ్చి పోసినా నగ సరిగ్గా రాదు. మెదడులో పనిచేయాల్సిన ఎంఈసీపీ2 లాంటి ప్రోటీన్ గుడ్డులోంచీ రాదు, డబ్బాలోంచీ రాదు. దాన్ని ఏ న్యూరాన్‌కి (మెదడులోని నాడీకణానికి) ఆ న్యూరాన్ తన లోపలే తయారుచేసుకోవాలి.

అలాగని తిండికి మెదడుతో సంబంధం లేదనుకోకూడదు. గర్భిణికీ, పసిబిడ్డకీ చాలినంత తిండి, అయోడిన్, ఇనుము, ఫోలిక్ యాసిడ్ అందకపోతే మెదడు ఎదుగుదల నిజంగానే దెబ్బతింటుంది. అది బంగారం చాలకపోవడం. రిపోర్టులో రాసింది డిజైన్ తప్పు. డాక్టర్ "ప్రోటీన్" అన్నా, షాపువాడు "ప్రోటీన్" అన్నా మన చెవికి ఒకేలా వినిపించడం వల్ల ఈ రెండూ కలిసిపోతున్నాయి.

కట్టుబడి పనిలో ఎవరు ఎక్కడ

గర్భం నిలిచిన నాలుగు వారాలకే, తల్లికి ఇంకా సరిగ్గా తెలియకముందే, పిండంలో నాడీ గొట్టం మూసుకుంటుంది. మెదడూ వెన్నుపామూ దాన్నుంచే వస్తాయి. పెద్దయ్యేసరికి మన మెదడులో ఉండే న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. వీటిలో మెదడు పైపొరకి చెందినవి చాలావరకు పుట్టకముందే తయారవుతాయి. అవి లోపలెక్కడో పుట్టి, పందిరి గుంజని పట్టుకుని తీగ పాకినట్టు, పొడవాటి కణాలని పట్టుకుని బయటికి పాకుతాయి. ముందు పుట్టినవి లోపలి పొరల్లో ఆగితే, తర్వాత పుట్టినవి వాటిని దాటుకుని పై పొరల్లోకి వెళ్తాయి.

ఏ పొరకి చేరాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి రీలిన్ అనే ప్రోటీన్ అవసరం. 1951లో ఎడిన్‌బరోలో డగ్లస్ ఫాల్కనర్ అనే శాస్త్రవేత్త తూలుతూ నడిచే ఎలుకల గురించి రాశాడు. వాటి మెదడులో పొరలు తారుమారయ్యాయని తర్వాత తేలింది. దానికి కారణమైన రీలిన్ జన్యువు దొరికింది మాత్రం 1995లో. మనుషుల్లో దీని రెండు ప్రతులూ చెడితే మెదడు మీద ఉండాల్సిన మడతలు సరిగా ఏర్పడవు, చిన్నమెదడు బాగా కుంచించుకుపోతుంది.

న్యూరాన్లు చోటుకి చేరాక ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అవి కలుసుకునే చోటు సినాప్స్. అక్కడ ఒకవైపు న్యూరెక్సిన్, అవతలివైపు న్యూరోలిజిన్ అనే ప్రోటీన్లు సందు మీదుగా చేతులు కలుపుకుంటాయి. వాటి అడుగున అన్నిటినీ చోటు కదలకుండా పట్టి ఉంచే పరంజా ప్రోటీన్లలో షాంక్3 ఒకటి. ఆటిజం ఉన్న కొందరిలో న్యూరోలిజిన్ జన్యువుల మార్పుల్ని 2003లోనూ, షాంక్3 మార్పుల్ని 2007లోనూ ప్యారిస్‌లోని థామస్ బూర్జెరాన్ బృందం బయటపెట్టింది. ఆటిజంలో చెడేది సినాప్స్ కావచ్చన్న ఆలోచనకి అక్కడే బలం వచ్చింది.

ఇక్కడొక తేడా గమనించండి. రీలిన్ వల్ల ఈ జబ్బు రావాలంటే రెండు ప్రతులూ చెడాలి. షాంక్3కి ఒక్క ప్రతి పోయినా చాలు. చాలా జన్యువుల్లో సగం సరుకుతో పని సాగిపోతుంది. షాంక్3, సినాప్స్ దగ్గరే పనిచేసే సిన్‌గ్యాప్ లాంటివాటిలో ఆ సగం చాలదు. అంటే ప్రోటీన్ ఉందా లేదా అని అడిగితే సరిపోదు, ఎంత ఉందని కూడా అడగాలి. ఈ "ఎంత" అన్న మాటని బాగా చూపించే జబ్బు రెట్ సిండ్రోమే.

రెట్: ఆడుకుంటున్న పాప ఉన్నట్టుండి ఆగిపోతే

మా పిన్ని మనవరాలు ఏడాది నిండేసరికి "తాత" అనేది. బిస్కెట్ తనే పట్టుకుని తినేది. పద్నాలుగో నెల తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి. ముందు మాట, తర్వాత చేతులు. ఇప్పుడు రెండు చేతులూ గుండెల దగ్గర పెట్టుకుని, బట్టలు పిండుతున్నట్టు తిప్పుతూనే ఉంటుంది. బిస్కెట్ చేతిలో పెడితే దాని వంకే చూస్తుంది గానీ నోటిదాకా తీసుకెళ్లలేదు.

1966లో వియన్నా డాక్టర్ ఆండ్రియాస్ రెట్ రాసింది ఇలా చేతులు పిండుకునే ఆడపిల్లల గురించే. ఆయన జర్మన్‌లో రాయడంతో బయటి ప్రపంచానికి పెద్దగా తెలియలేదు. 1983లో స్వీడన్‌కి చెందిన బెంట్ హాగ్‌బెర్గ్, ఆయన సహచరులు 35 మంది ఆడపిల్లల వివరాలతో ఇంగ్లిష్‌లో రాశాక డాక్టర్లు ఈ జబ్బుని గుర్తుపట్టడం మొదలైంది. సుమారు 10 వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. 1999లో హ్యూస్టన్‌లో జన్యు శాస్త్రవేత్త హుదా జోగ్బీ బృందం కారణం పట్టుకుంది. ఎంఈసీపీ2 జన్యువులో తప్పు.

ఈ ప్రోటీన్‌ని అంతకుముందే, 1992లో, ఏడ్రియన్ బర్డ్ అనే శాస్త్రవేత్త బృందం గుర్తించింది. డీఎన్ఏ మీద అక్కడక్కడా చిన్న రసాయన గుర్తులుంటాయి. ఎంఈసీపీ2 ఆ గుర్తుల్ని పట్టుకుని కూర్చుని, వేల జన్యువుల గొంతు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చూసుకుంటుంది. ఒక జన్యువుని పూర్తిగా ఆపడం, మొదలుపెట్టడం కాకుండా చాలావాటిని కొంచెం కొంచెం సరిచేయడం దీని పని. ఎదిగిన న్యూరాన్లలో ఇది చాలా ఎక్కువగా ఉంటుంది. మెదడు కట్టడం ఒక దశకి వచ్చాక దీని అవసరం బాగా పెరుగుతుంది కాబట్టే పాప మొదటి నెలల్లో మామూలుగా కనిపించి, తర్వాత వెనక్కి పోతుంది.

మరి ఆడపిల్లలకే ఎందుకు? ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లకి రెండు ఎక్స్‌లు. ప్రతి కణంలోనూ వాటిలో ఒకటి మూతపడుతుంది, ఏది మూతపడాలన్నది కణం కణానికీ మారుతుంది. అందుకని పాప మెదడులో దాదాపు సగం న్యూరాన్లకి మంచి ఎంఈసీపీ2 ఉంటుంది, మిగతా సగానికి ఉండదు. మగపిల్లలకి ఉన్నది ఒకే ఎక్స్. అది చెడితే జబ్బు చాలా తీవ్రంగా ఉంటుంది, చాలామంది పసితనం దాటరు.

తక్కువైతే ఇంత నష్టం కదా, ఎక్కువ ఇస్తే పోలేదా? 2004లో జోగ్బీ బృందం ఎలుకల్లో ఈ ప్రోటీన్‌ని మామూలుకి రెట్టింపు చేసి చూసింది. వాటికీ నరాల జబ్బు వచ్చింది. మరుసటి ఏడాదే, ఈ జన్యువు అదనపు ప్రతితో పుట్టిన మగపిల్లల గురించి డాక్టర్లు రాశారు. మెత్తబడిన కండరాలు, మాట రాకపోవడం, ఫిట్స్, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు. దాన్ని ఎంఈసీపీ2 డూప్లికేషన్ సిండ్రోమ్ అంటున్నారు. ఒకే ప్రోటీన్ తగ్గితే ఒక జబ్బు, పెరిగితే ఇంకో జబ్బు. పులుసులో ఉప్పు తక్కువైతే మళ్లీ వేసుకోవచ్చు, ఎక్కువైతే ఇంత నీళ్లు పోసుకోవచ్చు. న్యూరాన్‌కి ఆ వెసులుబాటు లేదు.

దీనికి తోడు 2007లో ఇంకో సంగతి తెలిసింది. రెట్‌లో న్యూరాన్లు చచ్చిపోవు, పని సరిగ్గా చేయలేక బతికే ఉంటాయి. మరి ప్రోటీన్ తిరిగి అందితే కోలుకుంటాయా? బర్డ్ బృందం ఈ జన్యువు ఆగిపోయిన ఎలుకల్ని తీసుకుని, జబ్బు ముదిరాక మందు ఇచ్చి జన్యువుని మళ్లీ తెరిచింది. వణుకుతూ, ఊపిరి అందక చావుకి దగ్గరైన ఎలుకలు తేరుకుని తిరిగాయి. కానీ ఒక్కసారిగా తెరిచినప్పుడు కొన్ని చనిపోయాయి, మెల్లమెల్లగా తెరిచినవి కోలుకున్నాయి. అక్కడా కొలతే ముఖ్యమైంది. ఎలుక సంగతి మనిషికి అలాగే వర్తిస్తుందని చెప్పలేం. అయినా రెట్ కుటుంబాలు ఇన్నేళ్లుగా ఆశ వదలకపోవడానికి ఆ ప్రయోగమే మూలం.

ఫ్రాజైల్ ఎక్స్: మూడు తరాల లెక్క

రెట్‌లో తప్పు ఎక్కువగా పాపతోనే మొదలవుతుంది. ఫ్రాజైల్ ఎక్స్ అనే ఇంకో జన్యు జబ్బు అలా కాదు, తరాల మీదుగా నడిచివస్తుంది. ఎఫ్ఎంఆర్1 అనే జన్యువు మొదట్లో సీజీజీ అనే మూడక్షరాల డీఎన్ఏ ముక్క వరసగా తిరిగితిరిగి వస్తుంది. 44 సార్ల దాకా ఉంటే మామూలు. 55 నుంచి 200 దాకా ఉంటే ప్రీమ్యుటేషన్ అంటారు. 200 దాటితే కణం ఆ జన్యువుని మూసేస్తుంది. ఎఫ్ఎంఆర్‌పీ అనే ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది.

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. తాతకి 80 సార్లు ఉంది. ఆయన బాగానే చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు. అరవై దాటాక చేతులు వణకడం, నడకలో తూలడం మొదలైంది. అందరూ వయసు అనుకున్నారు. ఆయన ఎక్స్ ఆయన కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకి ఒక్కరికీ రాదు. కూతురికి 85 సార్లు వచ్చింది. ఆమెకి ముప్పై ఆరేళ్లకే నెలసరి ఆగిపోయింది. థైరాయిడ్ అనుకున్నారు. ఆమె నుంచి కొడుక్కి వెళ్లేటప్పుడు ఆ వరస సాగి 200 దాటింది. బాబుకి మాటలు ఆలస్యం, చదువు ఎక్కదు, జనం ఎక్కువుంటే తట్టుకోలేడు, మనిషి కళ్లలోకి చూడడు. ముగ్గురికీ మూడు వేరువేరు డాక్టర్ల దగ్గర వైద్యం జరుగుతుంది, కారణం ఒకటేనని ఎవరికీ తట్టదు. బాబు రిపోర్టు వచ్చిన రోజు తాత వణుకుకీ, తల్లి నెలసరికీ కూడా జవాబు దొరుకుతుంది. అందుకే ఈ పరీక్ష రిపోర్టుని కుటుంబమంతటి సంగతిగా చూడాలంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఎంచుకుని ఇచ్చిందీ కాదు.

ఎఫ్ఎంఆర్‌పీ పని బ్రేక్ లాంటిది. సినాప్స్ దగ్గర ఇతర ప్రోటీన్లు ఎప్పుడు, ఎంత తయారవ్వాలో చూసి ఆపుతుంది. బ్రేక్ పోతే తయారీ అదుపు తప్పుతుంది. దీని ఆధారంగా 2004లో మార్క్ బేర్ అనే మెదడు శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు. బ్రేక్ బాగుచేయలేకపోయినా యాక్సిలరేటర్‌లా పనిచేసే ఎంగ్లూఆర్5 అనే గ్రాహకాన్ని తగ్గిస్తే చాలునని. ఎలుకల్లో చక్కగా పనిచేసింది. మనుషుల్లో మావోగ్లూరాంట్ అనే మందుతో చేసిన పెద్ద పరీక్షలు మాత్రం 2014కల్లా ఫలితం చూపించకుండా ముగిశాయి. తర్వాత చిన్నపిల్లల్లో, మాటల శిక్షణతో కలిపి ప్రయత్నించినా తేడా కనిపించలేదు.

ఎందుకు విఫలమైందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. సిద్ధాంతం సరైనదేగానీ కొలిచిన పద్ధతి సరిగా లేదని కొందరంటారు. ఖాళీ మాత్ర వేసుకున్న పిల్లల్లోనూ తల్లిదండ్రులకి మార్పు కనిపించింది కాబట్టి, అసలు మార్పు ఏదో తేల్చడం కష్టమైందని వాళ్ల వాదన. ఎలుక మెదడు మన మెదడుకి సరైన నమూనా కాదని మరికొందరంటారు. నాకైతే రెండింటిలోనూ నిజముందనిపిస్తుంది. మూడేళ్ల పిల్లాడి మాటలో వచ్చిన చిన్న మార్పుని కొలిచే సాధనాలు ఇప్పటికీ చాలా మొరటుగానే ఉన్నాయి.

తిండిలోని ప్రోటీనే విషమయ్యే చోటు

పిన్ని ప్రశ్నకి సరిగ్గా తిరగబడే జబ్బు ఒకటుంది. డైట్ కూల్‌డ్రింక్ డబ్బా మీద, ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్లకి పనికిరాదన్న హెచ్చరిక చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ జబ్బులో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే కాలేయపు ఎంజైమ్ పనిచేయదు. ఎంజైమ్ కూడా ప్రోటీనే. ఆ ఆమ్లం రక్తంలో పేరుకుని ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. 1934లో నార్వే డాక్టర్ అస్బ్యోర్న్ ఫోలింగ్ దీన్ని పట్టుకున్నాడు. తన ఇద్దరు పిల్లల దగ్గర ఏదో వింత వాసన వస్తోందని ఒక తల్లి వదలకుండా వెంటపడి అడగడమే దానికి కారణం.

1950లలో హోర్స్ట్ బికెల్ ఆ ఆమ్లం బాగా తగ్గించిన ఆహారంతో వైద్యం చేసి చూపించాడు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి రక్తపు చుక్క తీసి కాగితం మీద పరీక్షించే పద్ధతిని 1960లలో రాబర్ట్ గుత్రీ వాడుకలోకి తెచ్చాడు. ఈ పిల్లలకి పాలు, పప్పు, గుడ్డు, మాంసం బాగా తగ్గించి, ప్రత్యేకంగా చేసిన పాలపొడి ఇస్తే మెదడు చాలావరకు మామూలుగా ఎదుగుతుంది. ఇలాంటి పాపకి తెలియక ప్రోటీన్ పౌడర్ పడితే కోలుకోలేని నష్టం. అందుకే "ప్రోటీన్ లోపం" అన్నమాట విన్నప్పుడు ఏ ప్రోటీన్, ఎక్కడ అని అడిగి తెలుసుకోకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

మేనరికం లెక్క

మా పిన్ని కొడుకుదీ కోడలిదీ మేనరికమే. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆ పెళ్లి కుదిర్చిన పెద్దలు తలెత్తలేకపోతున్నారు. ఇది మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో మనసులని తొలిచే ప్రశ్న, కాబట్టి కాస్త నిదానంగా లెక్క వేద్దాం.

రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బు తీసుకుందాం. ఫినైల్‌కీటోన్యూరియా అలాంటిదే. ఒక్క ప్రతి చెడినవాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. లెక్క కోసం ఇలాంటివాళ్లు 50 మందిలో ఒకరనుకుందాం. భర్తకి ఒక చెడ్డ ప్రతి ఉందని తెలుసనుకుందాం.

సంబంధం లేని అమ్మాయిని చేసుకుంటే ఆమెకీ ఉండే అవకాశం 50లో 1. ఇద్దరికీ ఉంటే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మొత్తం 200లో 1. మేనత్త కూతుర్నో, మేనమామ కూతుర్నో చేసుకుంటే, ఒకే తాతానాన్నమ్మల నుంచి అదే చెడ్డ ప్రతి ఆమెకీ వచ్చి ఉండే అవకాశం దాదాపు 8లో 1. మొత్తం 32లో 1. అక్క కూతుర్ని చేసుకుంటే 4లో 1, మొత్తం 16లో 1. తేడా చిన్నది కాదు. మేనరికాల్లో ఇలాంటి జబ్బులు పెరుగుతాయన్నది ముమ్మాటికీ నిజం.

అయితే రెట్‌కి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఒక్క ప్రతి చెడితే చాలు, ఆ తప్పు అమ్మానాన్నల ఒంట్లో సాధారణంగా ఉండదు. బీజకణం తయారవుతున్నప్పుడు డీఎన్ఏని తిరిగి రాసుకోవడంలో కొత్తగా పడిన అక్షర దోషం అది. మనలో ప్రతి ఒక్కరం ఇలాంటి కొత్త మార్పులు దాదాపు 60, 70 దాకా మోస్తూ పుడతాం. అవి ఏ ముఖ్యమైన చోటా పడకపోతే తెలియనే తెలియదు. రెట్‌లో ఈ తప్పు చాలాసార్లు తండ్రి బీజకణంలో పడుతుందని తేలింది. మన ఇళ్లలో మాత్రం బిడ్డకి ఏమైనా వేళ్లన్నీ తల్లి వైపే చూపిస్తాయి. తండ్రి కూడా ఇందులో చేసిందేమీ లేదు, ఏం చేసినా ఆపగలిగేదీ కాదు. షాంక్3, సిన్‌గ్యాప్ జబ్బుల్లోనూ ఎక్కువగా ఇదే పరిస్థితి. పిన్నికి ఫోన్‌లో నేను మొదట చెప్పింది ఇదే. అవతల చాలాసేపు మాట వినిపించలేదు.

ఆటిజం మొత్తం ప్రోటీన్ల కథేనా?

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ ఒకే జన్యువుతో వచ్చే జబ్బులు. ఆటిజం అనే పెద్ద గొడుగు కింద ఇలా ఒక్క కారణం తేలేది కొందరికే. 2020లో 35 వేల మందికి పైగా జన్యువులని చదివిన ఒక పెద్ద అధ్యయనం ఆటిజంతో సంబంధమున్న జన్యువుల్ని 102గా లెక్కించింది. వాటిలో చాలామట్టుకు రెండు రకాల పనులవే. ఇతర జన్యువుల గొంతు సరిచేసేవి కొన్ని, న్యూరాన్ల మధ్య మాట నడిపేవి కొన్ని. ఎంఈసీపీ2 చేసేది మొదటి రకం పని, షాంక్3ది రెండో రకం.

మిగతా చాలామందిలో, ఒక్కొక్కటీ పిసరంత ప్రభావమున్న వందల మార్పులు కలిసి పనిచేస్తాయని ఇప్పటి అవగాహన. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనం ఆటిజం రావడంలో తేడాలకి దాదాపు 80 శాతం వంశపారంపర్యమే కారణమని అంచనా వేసింది. వంశపారంపర్యం అంటే ఒక జన్యువు దొరుకుతుందని అర్థం కాదు. పొడుగు కూడా వంశపారంపర్యమే, కానీ పొడుగు జన్యువంటూ ఒక్కటి లేదు.

ఇక్కడ ఇంకో మాట కూడా వినాలి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది తమని "చెడిన ప్రోటీన్" అనడాన్ని ఒప్పుకోరు. తమ మెదడు వేరేగా పనిచేస్తుందనీ, మార్చాల్సింది బడులూ ఆఫీసులూ అనీ అంటారు. మాట రాక, రోజుకి పదిసార్లు ఫిట్స్ వచ్చే పిల్లల తల్లిదండ్రులు అదే మాట వింటే తమ కష్టాన్ని తేలిక చేస్తున్నారని బాధపడతారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, వేరువేరు మనుషుల గురించి చెప్తున్నారు. ఒకే పేరు ఇంతమందికి తగిలించడం వల్ల వచ్చిన తగవిది.

మందుల సంగతి ఎక్కడిదాకా వచ్చింది

రెట్‌కి 2023 మార్చిలో అమెరికాలో మొదటి మందుకి అనుమతి వచ్చింది. పేరు ట్రోఫినెటైడ్. రెండేళ్లు నిండినవాళ్లకి ఇస్తారు. ఇది ఎంఈసీపీ2ని బాగుచేయదు. ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల ప్రోటీన్ చివరనుండే మూడు అమైనో ఆమ్లాల ముక్కని పోలిన మందు. లక్షణాలు కొంత తగ్గుతాయి, విరేచనాలు మాత్రం చాలామందికి అవుతాయి.

మాట రాకపోవడం, ఫిట్స్ ఉండే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బులో దారి ఇంకోలా ఉంది. అక్కడ పనిచేయాల్సిన యూబీఈ3ఏ అనే జన్యువుకి న్యూరాన్లలో అమ్మ ప్రతి మాత్రమే తెరిచి ఉంటుంది, నాన్నది మూసి ఉంటుంది. అమ్మ ప్రతి చెడితే జబ్బు. అంటే పాప దగ్గర మంచి ప్రతి ఒకటి తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టే. ఆ తాళం తీసే మందుల్ని ఇప్పుడు పిల్లల్లో పరీక్షిస్తున్నారు. వెన్నులోకి సూదితో ఇస్తారు. ఉన్న జన్యువునే తెరుస్తున్నారు కాబట్టి కొలత మరీ తప్పే భయం కాస్త తక్కువ.

జన్యువునే వైరస్‌లో పెట్టి మెదడుకి పంపే జీన్ థెరపీ మీద ఎక్కువ ఆశలున్నాయి, ఎక్కువ భయాలూ ఉన్నాయి. రెట్‌లో సగం న్యూరాన్లకి ముందే మంచి ప్రోటీన్ ఉంది. వాటిలోకి ఇంకో ప్రతి వెళ్తే అది డూప్లికేషన్ వైపు జరుగుతుంది. అందుకే ఎక్కువైతే తనని తానే తగ్గించుకునేలా ఈ జన్యువుల్ని తయారుచేస్తున్నారు. 2024లో ఒక పరీక్షలో పెద్ద మోతాదు తీసుకున్న ఒకరు చనిపోయారు. వైరస్ ఎక్కువైనప్పుడు రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా తిరగబడటం వల్ల అలా జరిగింది. ఆ మోతాదు ఆపేసి, తక్కువ మోతాదుతో పరీక్ష కొనసాగిస్తున్నారు.

ఎప్పుడు ఇవ్వాలన్నదీ తేలని వాదనే. 2016లో గువోపింగ్ ఫెంగ్ అనే శాస్త్రవేత్త బృందం పెద్దయిన ఎలుకల్లో షాంక్3ని తిరిగి తెరిస్తే తోటి ఎలుకలతో మెలగడం బాగుపడింది, ఆగకుండా ఒళ్లు గోక్కోవడం తగ్గింది. భయం, ఒంటి కదలికల ఇబ్బంది మాత్రం పోలేదు. చిన్నప్పుడే తెరిస్తే అవీ మెరుగయ్యాయి. అంటే కొన్ని కిటికీలు త్వరగా మూసుకుంటాయి, కొన్ని చాలాకాలం తెరిచే ఉంటాయి. ఏది ఎప్పుడు మూసుకుంటుందో మనిషి విషయంలో తేల్చడానికి ఇప్పుడు జరుగుతున్న పరీక్షలే ఆధారం.

రిపోర్టులో ఆ ఒక్క గీత

రిపోర్టులో మార్పు పక్కన ఒక వర్గం రాసి ఉంటుంది. "పాథోజెనిక్" అంటే జబ్బు తెచ్చే మార్పని ఆధారాలున్నాయి. "వీయూఎస్" అని ఉంటే అర్థం ఇంకా తేలలేదని. అది జబ్బు నిర్ధారణ కాదు. యూరప్ మూలాలున్న మనుషుల సమాచారమే ప్రపంచ జన్యు పట్టికల్లో ఎక్కువ కాబట్టి, మనవాళ్లలో మామూలుగా ఉండే మార్పు కూడా అనుమానంగా కనిపించవచ్చు. 10 వేల మంది భారతీయుల జన్యువుల్ని చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఇందులో భాగం. ఇలాంటి పట్టికలు పెరిగేకొద్దీ వీయూఎస్‌లు కొన్ని అటో ఇటో తేలతాయి. అందుకే రెండు మూడేళ్ల తర్వాత పాత రిపోర్టుని మళ్లీ చూపించుకోమంటారు. హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి జన్యు విభాగం ఈ పని చేసే చోట్లు.

పిన్ని మనవరాలి రిపోర్టులో "పాథోజెనిక్" అనే ఉంది. అమ్మానాన్నల రక్తం కూడా పరీక్షిస్తే వాళ్లిద్దరిలోనూ ఆ మార్పు లేదని తేలింది. ప్రోటీన్ పౌడర్ గురించి జన్యు డాక్టర్‌ని అడిగితే, రెట్ పిల్లలు నమలలేక, మింగలేక బరువు తగ్గిపోతారు కాబట్టి బలమైన తిండి కావాల్సిందేననీ, ఏది ఎంత పెట్టాలో డైటీషియన్ చెప్తారనీ అన్నారట. అది పాప ఒంటికి, ఆ జన్యువుకి కాదని కూడా విడమరిచి చెప్పారు.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. స్పీచ్ థెరపిస్ట్ ఇచ్చిన రెండు అట్టముక్కలు పిన్ని పాప ముందు పట్టుకుంది. ఒకదాని మీద నీళ్ల గ్లాసు బొమ్మ, ఇంకోదాని మీద బిస్కెట్ బొమ్మ. పాప చేతులు పిండుకుంటూనే ఉంది. కళ్లు మాత్రం బిస్కెట్ మీదికి వెళ్లి ఆగాయి. పిన్ని అట్టముక్కల్ని అటు ఇటు మార్చి పట్టుకుంది. పాప కళ్లు మళ్లీ బిస్కెట్‌నే వెతుక్కున్నాయి.